లింగన్నకు పెట్టని ఆకు

చెన్నై విమానాశ్రయంలో తనిఖీ చేసే అమ్మాయి చెన్నప్ప కంబళిని మడతలన్నీ విప్పి, దులిపి, వాసన చూసి ముఖం పక్కకు తిప్పుకుంది. గొర్రెబొచ్చు వాసన, దానికి పట్టించిన చింతగింజల గంజి వాసన కలిస్తే అలవాటు లేని ముక్కుకు కష్టమే. మా వెనక వరుసలో నిలబడ్డవాళ్లు గొణగడం మొదలుపెట్టారు. ముప్పై ఏళ్లకు పైగా ఆర్టీసీ బస్సు నడిపినవాణ్ణి నేను. ఆలస్యం చేసే మనిషి కనబడితే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

"ఇది ఇంట్లోనే పెట్టి రమ్మని చిలక్కి చెప్పినట్టు చెప్పితి గదన్నా," అన్నాను.

"సెప్పినావు. అవ్వ తీస్కపొమ్మనింది. నీ మాట ఇనాల్నా, అవ్వ మాట ఇనాల్నా?" అన్నాడు చెన్నప్ప, కంబళిని మళ్లీ మొదటినుంచీ నిదానంగా మడత పెడుతూ.

ఆ అవ్వ పోయి అరవై ఏళ్లవుతోంది. మేం వెళ్తున్నది అండమాన్ దీవులకు.

చెన్నప్పది, నాదీ ఒకటే ఊరు. కంబదూరు నుంచి కల్యాణదుర్గం పోయే దారిలో పక్కకు తిరిగితే వస్తుంది. ఆయన కురుబ. డెబ్బై దాటాడు. గొర్రెలు కాస్తూ, నడుస్తూనే కదురు తిప్పి నూలు వడికి, వానలు లేని నెలల్లో ఇంటి పంచలో గుంటమగ్గం మీద కంబళ్లు నేస్తాడు. మా ఊళ్లో ఇంకా కంబళి నేసేది ఆయనొక్కడే. కరువు మరీ ముదిరితే మందను తోలుకొని కణేకల్ కాలువ కింది పొలాలకు పోతాడు. పొలంలో రాత్రుళ్లు మంద పెడితే ఎరువు అవుతుందని అక్కడి రైతులు గింజలిస్తారు. వాన పడిందని కబురు తెలిస్తే తిరిగొస్తాడు. ఇంతే ఆయన బతుకు. ఇందులో ఎక్కడా తొందర లేదు. నేను కొత్తగా బస్సు ఎక్కిన రోజుల్లో ఒకసారి ఆయన మంద రోడ్డు దాటుతుంటే హారన్ మీద చెయ్యి తీయకుండా మోగించాను. ఆయన కిటికీ దగ్గరికి వచ్చి, "నీకు బ్రేకు ఉండాది ఐజాకూ, గొర్రెపిల్లకు ల్యా," అని చెప్పి, తోక ఊపుకుంటూ వచ్చే ఆఖరి పిల్ల దాటేదాకా రోడ్డు మధ్యలోనే నిలబడ్డాడు. బస్సులో వాళ్లంతా నవ్వారు. నేను నవ్వలేదు.

మా రెండు ఇళ్ల మధ్య ఒక చావు ఉంది. అది చెప్పకపోతే ఈ ప్రయాణం అర్థం కాదు.

తెల్లదొరల కాలం. ఒక కరువు ఏడు. గడ్డి అనేది మిగిలింది కొండ అడవిలో మాత్రమే. ఆ అడవిలోకి పశువు పోకూడదని సర్కారు ఆజ్ఞ. ఆకలి గొర్రెకు ఆజ్ఞ ఏం తెలుస్తుంది? చెన్నప్ప పెద్దతాత లింగన్న మంద అందులో దూరింది. పట్టుకొని బందెలదొడ్డిలో తోలారు. దండుగ కడితే గానీ ఆ దొడ్డి నుంచి జీవాన్ని వదలరు. దొడ్డికి కావలి మా ముత్తాత సుంకప్ప. లోపల నీళ్లు లేక గొర్రెపిల్లలు అరుస్తుంటే లింగన్న పొద్దుగూకే వేళ వచ్చి దడి తీయబోయాడు. సుంకప్ప అడ్డం పడ్డాడు. ఆయన మాత్రం ఏం చేస్తాడు, తీయనిస్తే తెల్లారి ఆయన వీపు చిట్లేది. పెనుగులాటలో లింగన్న చేతికర్ర సుంకప్ప కణతకు తగిలింది. మా ముత్తాత మళ్లీ లేవలేదు.

లింగన్న పారిపోలేదు. తన ఒంటి మీది కంబళి తీసి మా ముత్తాతకు కప్పి, జనం వచ్చేదాకా పక్కనే కూర్చున్నాడు. కోర్టులో మా ముత్తవ్వ మారెక్క, చంకలో చంటిపిల్లవాడితో నిలబడి ఆ మాటే చెప్పిందట. "కొట్టినాడు సామీ. కానీ పారిపోలే. నా మొగుని మీద కంబళి కప్పి కాచుకున్యాడు." ఉరి పడాల్సినవాడికి అండమాన్ ద్వీపాంతరం పడిందనీ, ఆ మాటవల్లే తగ్గిందనీ రెండిళ్లలోనూ చెప్పుకుంటాం. దొర మనసులో ఏముందో ఎవరికి తెలుసు? మేం నమ్మేది ఇది. సంకెళ్లు వేసి తీసుకుపోతున్నప్పుడు లింగన్న తమ్ముడితో, "ఏటా ఒక కంబళి మారెక్కింటికి పోవాల," అన్నాడు.

అప్పట్నుంచి ఒక్క ఏడు తప్పలేదు. పెద్దల అమావాస్య మర్నాడు పొద్దున్నే వాళ్లింటినుంచి కొత్త కంబళి వస్తుంది. మా తాతకు వాళ్ల తాత తెచ్చాడు, మా నాయనకు వాళ్ల నాయన తెచ్చాడు, నాకు చెన్నప్ప తెస్తున్నాడు. గొర్రె వాసనలో కొంచెం సాంబ్రాణి వాసన కూడా ఉంటుంది. పురుగు పట్టకుండా పొగ వేస్తారేమో అనుకునేవాణ్ణి. మా చిన్నప్పుడు ఇంట్లో కప్పుకోడానికి ఇంకేదీ ఉండేది కాదు. నేనూ మా తమ్ముళ్లూ ఒకే కంబళి కింద నాలుగు కాళ్లు బయట, నాలుగు కాళ్లు లోపల పెట్టుకొని పెరిగాం. మా అమ్మాయి రెబెకాను ఆసుపత్రి నుంచి తెచ్చింది చెన్నప్ప నేసిన కంబళిలోనే. ఆ ఇంటిమీద నాకు కోపం పుట్టకపోవడానికి కారణం ఇదేననుకుంటాను. చలికి ఒళ్లు కాచిన బట్ట నేసినవాడిమీద కోపం నిలవదు.

ఇక ఓబమ్మ సంగతి. లింగన్న భార్య. చెన్నప్ప చెప్పే అవ్వ ఆమే. లింగన్న కంబళిని కోర్టువాళ్లు సాక్ష్యం కింద పట్టుకుపోయారు. మొగుడు ఒంటి మీద కంబళి లేకుండా పడవ ఎక్కాడని ఆమెకు తెలిసింది. ఆ తల్లి సముద్రాన్ని చూడలేదు. మా సీమలో నీళ్లంటే చలి. ఎప్పుడో ఒక ఏడు చెరువు నిండితే గట్టు మీద నుంచి వచ్చే గాలికే ఊరంతా ముసుగు తన్నుకొని పడుకుంటుంది. అలాంటిది చుట్టూ నీళ్లే ఉన్నచోట ఎంత చలి ఉంటుందో అని ఆమె బతికినన్నాళ్లూ బెంగపడింది. చలికాలంలో తను మాత్రం కంబళి కప్పుకొనేది కాదు. అప్పటికి చిన్నపిల్లవాడైన చెన్నప్ప తెచ్చి కప్పితే, "మీ తాతకు ల్యాకుండా నాకేంటికిరా," అని తోసేసేదట.

ఆమె బొట్టు చెరపలేదు, మెట్టెలు తీయలేదు. పోయేముందు ఇంటివాళ్ల దగ్గర మాట తీసుకుంది. "ఎవరన్నా ఆడికి పోయి, సూసి, ఆయన లేడని సెప్పేదంకా ఆయనకు ఆకు పెట్టొద్దండి. పోయేటోళ్లు ఒక కంబళి తీస్కపోండి."

పెద్దల అమావాస్యనాడు చనిపోయినవాళ్లకు ఒక్కొక్కరికీ ఒక్కో విస్తరాకు వేసి, వాళ్లకు ఇష్టమైనవి వడ్డించి, బట్టలు పెట్టి, సాంబ్రాణి పొగ వేసి, కాసేపు తలుపు మూసి బయట కూర్చుంటారు. బతికున్నవాడికి ఆకు పెడితే ఆయుస్సు తరుగుతుందని భయం. అందుకే చెన్నప్ప ఇంట్లో అందరికీ ఆకు ఉంది, లింగన్నకు లేదు.

నేను ఒకసారి అన్నాను. "అన్నా, ఆయప్పకు ఇప్పుడు నూటముప్పై ఏండ్లుంటాయి. ఇంకా బతికుంటాడా?"

"ఆ లెక్క నాకూ వస్తాది," అన్నాడు చెన్నప్ప. "అవ్వ పోయి సూసి సెప్పమనింది. కూసోని లెక్కేసి సెప్పమన్లే." మళ్లీ ఆయనే, "నేనూ పోతే ఇంగ ఆయన్ని అనుకునేటోళ్లు ఎవరుండారప్పా? ఆకు ల్యాకుండా ఆకలితో తిరుగుతాంటాడేమోనని నాకు అన్నం సయించదు," అన్నాడు. ఆ మాట నవ్వులాటకు అనలేదు. ఆయన భార్య హనుమక్క తర్వాత నాకు చెప్పింది, ఆ అమావాస్యనాడు ఆయన ముద్ద ముట్టడనీ, ఎన్నో ఏళ్లుగా అంతేననీ.

నేను రిటైరయ్యాక రెబెకా నాకూ, వాళ్లమ్మకూ అండమాన్ టికెట్లు తీసింది. ఆమె చెన్నైలో నర్సు. మా ఆవిడ, "దేవుడు పిలిస్తే తప్ప నేను ఆకాశంలోకి ఎక్కను," అని తేల్చి చెప్పేసింది. ఆ టికెట్టు మీద చెన్నప్ప పేరు రాయించాను. బీచ్‌లు చూడమని రెబెకా ఒక పట్టిక పంపింది. మేము ఒక్క జైలు మాత్రమే చూస్తామని నేను చెప్పలేదు.

విమానం తలుపు తీయగానే ఆవిరి గుడ్డ ముఖాన వేసినట్టు ఉక్క కొట్టింది. చెన్నప్ప భుజం మీద కంబళి, కంబళి కింద చెమట. ఆకాశం మబ్బు పట్టి ఉంది. ఎక్కడ చూసినా పచ్చదనమే. ఆటోలో పోతున్నప్పుడు సముద్రం కనబడితే ఆపమన్నాడు. దిగి చాలాసేపు చూశాడు.

"ఇన్ని నీళ్లు. ఒక గొర్రె కూడా తాగదు," అన్నాడు.

"చలి ఎట్లుంది అన్నా?" అని ఎగతాళి చేశాను. ముఖం తుడుచుకుంటూ, "ఇప్పుడు ల్యా. సలికాలంలో సూడాల ఈడ," అన్నాడు. మొండివాడు. ఓబమ్మ బెంగను అంత తేలిగ్గా వదిలేస్తాడా?

జైలు దగ్గర మాకు దొరికిన గైడు పేరు పైడమ్మ. నడివయసు మనిషి. వాళ్లమ్మ తరఫువాళ్లు శ్రీకాకుళం నుంచి ఎప్పుడో వలస వచ్చినవాళ్లు కాబట్టి తెలుగు వచ్చు. మాతోపాటు మరో తెలుగు కుటుంబం, ఒక పెద్దాయన, ఆయన కొడుకు, కోడలు కలిశారు. మధ్యలో ఒక గోపురం, దాని నుంచి బండిచక్రం ఆకుల్లా పొడుగ్గా పోయిన మూడంతస్తుల కట్టడాలు. ఏడు ఉండేవట, ఇప్పుడు మూడే మిగిలాయి. ఒక వరుస గదుల ముఖం ఇంకో వరుస వీపును చూస్తుంది. ఎదురుగా గోడ తప్ప మనిషి ముఖం కనబడదు. పక్క గదిలో ఎవడున్నాడో తెలియదు. పైన ఒక చిన్న వెంటిలేటరు. గొళ్లెం తలుపుకు దూరంగా గోడలోకి కట్టారు, లోపల నుంచి చెయ్యి చాపినా అందదు.

"ఆ గోపురంలో ఒక్కడు నిలబడితే చాలండి, అన్ని వరుసలూ కనబడతాయి," అంది పైడమ్మ.

"బందెలదొడ్డి," అన్నాడు చెన్నప్ప మెల్లగా. "మనుసులకు కట్టినారు."

ఆ గోపురంలో నిలబడేవాడు కూడా జీతానికి కావలి కాసేవాడే. మా సుంకప్పలాంటివాడే. ఇన్నాళ్లూ నేను దొడ్డి బయట కావలి కాసినవాడి తరఫు మనిషినని అనుకుంటూ వచ్చాను. ఇక్కడ నిలబడితే లోపల మగ్గినవాడి గాలి కూడా తగిలింది.

ఆమె గానుగ చూపించింది. ఎద్దుకు బదులు మనిషిని కట్టి తిప్పించేవాళ్లట. పొద్దుకు ఇంత నూనె అని లెక్క, తగ్గితే దెబ్బలు. కొబ్బరిపీచు దంచి చేతులు పుండ్లు పడేవట. ఉరితీసే గది కూడా చూపించింది. అక్కడ చెన్నప్ప లోపలికి రాలేదు. గుమ్మం బయటే నిలబడి రెండు చేతులూ జోడించి వెనక్కి తిరిగాడు. దేశం కోసం పోరాడి ఇక్కడికి వచ్చినవాళ్ల గురించి, వాళ్ల నిరాహారదీక్షల గురించి పైడమ్మ చెబుతుంటే మాతో ఉన్న పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు. పేర్లు చెక్కిన పలకల ముందు చెన్నప్ప నిలబడటం చూసి ఆయన అడిగాడు.

"మీ వాళ్లెవరైనా ఇక్కడున్నారా?"

"మా పెద్దతాత వచ్చినాడు సామీ."

పెద్దాయన ముఖం వెలిగిపోయింది. కొడుకును పిలిచి ఫోటో తీయమన్నాడు. "సమరయోధుల కుటుంబం," అంటూ చెన్నప్ప చేతులు పట్టుకున్నాడు. కోడలు కాళ్లకు దండం పెట్టడానికి వంగింది. ఊరుకుంటే పోయేది. ఎవరికి నష్టం? నేనైతే ఊరుకునేవాణ్ణి. చెన్నప్ప ఆమెను లేపాడు.

"అట్లాంటోడు కాదమ్మా. ఒక మనిసిని సంపి వచ్చినాడు. ఆ మనిసి మునిమనవడు ఈయప్పే," అని నన్ను చూపించాడు.

ఫోను కిందికి దిగింది. అందరూ నన్నే చూస్తున్నారు, తప్పు నేనే చేసినట్టు. అయినా ఆ నిమిషంలో ఆ మనిషి పక్కన నిలబడినందుకు నాకు గర్వమనిపించింది. దొరికిన గౌరవాన్ని కూడా తనది కాదని తిరిగిచ్చేసే మనిషిని నేను అంతకుముందు చూడలేదు. పెద్దాయన మాత్రం మంచివాడు. కాసేపటికి వచ్చి, "మీరిద్దరూ కలిసి వచ్చారు కదా, అది చాలు," అని ఇద్దరి భుజాలూ తట్టి వెళ్లాడు.

వాళ్లు వెళ్లాక పైడమ్మ మమ్మల్ని పై అంతస్తులో ఒక గదిలోకి తీసుకెళ్లింది. మీవాడు ఏ గదిలో ఉన్నాడో చెప్పలేనని ముందే అంది. చెన్నప్ప లోపలికి పోయి గోడను అరచేత్తో తడిమాడు. కంబళిని నేలమీద పరచబోతే బయట నిలబడ్డ సెక్యూరిటీ అతను లోపల ఏదీ పెట్టకూడదన్నాడు. చెన్నప్ప దాన్ని మళ్లీ భుజానికి ఎత్తుకున్నాడు.

"అమ్మా, సలికాలంలో ఈడ ఎట్లుంటాది?" అని అడిగాడు.

"చలికాలం అంటూ ఇక్కడ ఏమీ ఉండదు తాతా."

"సంకురాత్రి నెలలో?"

"అప్పుడూ ఇంతే. కొంచెం గాలి ఉంటుంది. నేను ఇక్కడే పుట్టాను, మా ఇంట్లో దుప్పటి కూడా లేదు."

చెన్నప్పకు నమ్మకం చిక్కలేదు. వరండా ఊడుస్తున్న ముసలావిడ దగ్గరికి పోయి సైగలతో ఒళ్లు వణికించి చూపించి అడిగాడు. ఆమె నవ్వి, చెయ్యి అడ్డంగా ఊపి, కొంగుతో విసురుకొని చూపించింది.

ఆయన వచ్చి గది గుమ్మంలో కూలబడ్డాడు. మొదట నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేశాడు. "మా అవ్వ ఉత్త పున్యానికి ఏడ్సిండాది ఐజాకూ. సలే ల్యాదంట. ఆయప్ప ఎన్ని తిప్పలు పడినాడో గానీ సలికి మాత్రం వనకలే. అవ్వే వనికింది. ఈడ సలి ల్యాకుంటే ఆడ కంబళి కప్పుకోకుండా వనికింది." ఆ మాట చెబుతూ ఆకాశం వైపు చూసి దండం పెట్టాడు. అంత దుర్మార్గంగా కట్టిన ఆ జాగాలో కూర్చొని, ఒక్క కష్టం తగ్గినందుకు దేవుడికి దండం పెడుతున్నాడు. నాకూ కళ్లు తడిశాయి. తుడుచుకోవడానికి కంబళి అంచే దొరికింది.

పైడమ్మ మా పక్కనే నేలమీద కూర్చుంది. పలకల మీద పేర్లు లేనివాళ్లే ఇక్కడికి వేలమంది వచ్చారని చెప్పింది. దొమ్మీల్లో, కొట్లాటల్లో, ఆకలికి చేసిన దోపిడీల్లో శిక్ష పడినవాళ్లు. మొదట కొన్ని నెలలు ఈ ఒంటిగదుల్లో పెట్టి, తర్వాత బయట అడవి కొట్టడానికో రోడ్లు వేయడానికో తోలేవాళ్లట. చాలామంది జ్వరాలకు పోయారు. బతికి బట్టకట్టి చెడ్డపేరు లేకుండా ఏళ్లు గడిపినవాళ్లకు కొంచెం నేల ఇచ్చి, ఆవులో మేకలో పెంచుకోనిచ్చి, శిక్ష పడి వచ్చిన ఆడవాళ్లలోనే ఒకరిని పెళ్లాడనిచ్చారు. వాళ్ల పిల్లలూ, మనవలూ ఇప్పటికీ ఈ ఊళ్లలో ఉన్నారు.

"మేమూ అలాంటి వాళ్లమే," అంది. "మా నాన్నవాళ్ల తాత అలా వచ్చినవాడే. ఎవర్ని ఏం చేసి వచ్చాడో చెప్పలేదట. ఊరి పేరూ చెప్పలేదు. సాయంత్రమైతే రేవుకు పోయి కూర్చునేవాడని మాత్రం మా నాన్న చెప్పేవారు. అవతల ఎవరైనా ఎదురుచూస్తున్నారేమో అని మాకు ఉండేది. ఎక్కడని వెతుకుతాం?"

చెన్నప్ప ఆమెవైపు తిరిగి సర్దుకొని కూర్చున్నాడు.

"ఆయనకు ఆకు పెడతారామ్మా మీరు?"

"పెడతాం తాతా. ఆయన పద్ధతి ఏమిటో తెలీదు. మా అమ్మవాళ్ల పద్ధతిలోనే అన్నం, చేపల పులుసు పెడతాం. తింటున్నాడో లేదో."

"తింటాడు. ఆకలైనోడు పద్దతి సూడడు," అన్నాడు చెన్నప్ప. అన్నం పెట్టేవాళ్లు ఈ దీవిలో కూడా ఉన్నారని వినగానే ఆయన ముఖం మీద నుంచి ఎన్నేళ్ల బరువో దిగింది. లింగన్నకు ఇక్కడ ఇల్లుందో లేదో మాకు తెలియదు, ఎప్పటికీ తెలియదు. అయినా పైడమ్మ ఇల్లు ఉంది.

బయటికి వస్తుంటే వాన దంచికొట్టింది. మా ఊళ్లో ఏడాదికి పడే వాన అక్కడ ఒక పూటలో పడుతుందా అనిపించింది. పైడమ్మ గొడుగు గాలికి తిరగబడింది. చెన్నప్ప కంబళి ఒక మూల మడిచి, కొసలు లోపలికి దోపి, మా గొర్రెలకాపరులు వానలో వేసుకునే కొప్పె చేసి ఆమె తలమీద పెట్టాడు. నెత్తి నుంచి పిక్కల దాకా కప్పేసింది. బొచ్చు మీద నీళ్లు జారిపోతున్నాయి, లోపల చుక్క దిగలేదు.

"ఇది నీ దగ్గరే పెట్టుకోమ్మా. మీ తాతకు ఆకు పెట్టేటప్పుడు పక్కన పెట్టు. మా లింగన్నకు ఈడ ఎవరో ఒకరు ఒక ముద్ద పెట్టే ఉంటారు. ఆ రునం ఎవరికి తీర్సుకోవాల్నో నాకు తెల్దు. నీకు తీర్సుకుంటా," అన్నాడు.

ఆమె కంబళిలో నుంచే వంగి ఆయన కాళ్లు ముట్టుకుంది. ఈసారి చెన్నప్ప లేపలేదు, తలమీద చెయ్యి పెట్టాడు.

తిరిగి వచ్చేముందు రేవులో కూర్చున్నప్పుడు నాతో అన్నాడు. "పోయినాం, సూసినాం. ఇంగ సెప్పేది నువ్వు."

"నేనేంటికి? మీ తాత, మీ ఆకు."

"నేను సెప్తే మావోడు కాబట్టి సెప్పినాడంటారు. సంపినోడు ఇంగ లేడు, లెక్క తీరిపోయిందని సచ్చినోని ఇంటోళ్లు సెప్తేనే సెల్లుతాది. అమావాస్యనాడు రా."

నేను మాటివ్వలేదు. మేము చర్చికి పోయేవాళ్లం. మా తాత కాలంలోనే యేసుప్రభువును నమ్ముకున్నాం. ఆకులు పెట్టడం మానేశాం. ఆ రోజు ఎవరింటికీ పోం. అది ఒక కారణం. అసలు కారణం, మా నాయన బతికినన్నాళ్లూ లింగన్న పేరు నోటితో పలకలేదు. కంబళి తీసుకొనేవాడు, తల ఊపేవాడు, అంతే. నాయన పలకని పేరును నేను పలికి, తీరిపోయిందని చెప్పొచ్చా? దీవి నుంచి ఊరికి వచ్చాక కూడా చాలారోజులు అదే ఆలోచన.

అమావాస్యనాడు పొద్దున హనుమక్క మా ఇంటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "అన్నా, ఆయప్ప పొద్దున్నుంచి నీళ్లు కూడా తాగలే. వస్తావా, రావా?" అంది. నాకు కోపం వచ్చింది, చెప్పులేసుకున్నాను. ఆ రెండూ ఒకేసారి జరిగాయి.

చెన్నప్ప ఇంట్లో నడిమింటి గోడ పొడవునా విస్తరాకులు వేసి ఉన్నాయి. వాళ్ల నాయనకు బీడీకట్ట, అమ్మకు చీర. ఓబమ్మవ్వ ఆకు దగ్గర పసుపు, కుంకుమ, గాజులు. ఆమె పక్కన ఒక ఆకు పట్టేంత జాగా ఖాళీగా వదిలారు. ఆ ఖాళీకి అవతల మరో ఆకు ఉంది. దాని నిండా ఒబ్బట్లు, మాంసం కూర. పక్కన మడతపెట్టిన కొత్త కంబళి. సాంబ్రాణి పొగ దాని మీదుగా పోతోంది.

ఆ వాసన నాకు తెలుసు. నేను పుట్టి పెరిగిన వాసన అది.

"ఇది ఎవరికన్నా?"

"మీ సుంకప్పకు," అన్నాడు చెన్నప్ప. "మీ తాత యేసుసామి తట్టు పోయినాక ఆయనకు ఆకు పెట్టేటోళ్లు ల్యాకపోయిరి. మన సేతిలో పోయినోడు మనింట్లోనే తినాల అని మా తాత పెట్టినాడు. అప్పట్నుంచి పెడతానే ఉండాం. ఆయనకు పెట్టిన బట్టనే మర్సునాడు మీ ఇంటికి తెస్తాం. ఆయన బట్ట ఆయన బిడ్డలు కప్పుకోవాల గదా."

"ఇన్నేండ్లు ఒక్క మాట చెప్పలేదేంటికి?"

"సెప్తే వద్దంటారేమోనని భయం."

నేను గోడకు ఆనుకొని కూర్చుండిపోయాను. తమ సొంత మనిషికి ఆకు లేకుండా, మా మనిషికి ఏటా కడుపునిండా పెట్టారు. మేము దండుగ కింద వచ్చిందనుకొని కప్పుకున్నది మా ముత్తాత మాకు ఇచ్చిన బట్ట. మా తమ్ముళ్లనూ, నన్నూ, నా బిడ్డనూ ఆయనే కప్పి పెంచాడు. ఆ ఇంటికి నా జన్మంతా దండం పెట్టినా చాలదనిపించింది. పాస్టరుగారు అడిగితే ఏం చెప్పాలో ఆ క్షణంలోనే తేల్చుకున్నాను. మా ముత్తాతకు అన్నం పెట్టిన చోటుకు వెళ్లానని చెబుతాను.

లేచి ఓబమ్మవ్వ ఆకు ముందు నిలబడ్డాను. చెన్నప్ప, హనుమక్క చేతులు కట్టుకొని నా నోటివైపే చూస్తున్నారు.

"అవ్వా," అన్నాను. "నేను సుంకప్ప మునిమనవణ్ణి. మేము పోయినాం, చూసినాం. లింగన్న లేడు. లెక్క తీరిపోయింది. ఆడ చలి లేదు."

చెన్నప్ప ముఖం కండువాలో దాచుకున్నాడు. హనుమక్క ఒక విస్తరాకు నా చేతికిచ్చింది. నీళ్లు చల్లి, సుంకప్ప ఆకు పక్కన ఖాళీలో దాన్ని పరిచాను. ఆమె వడ్డించింది. తలుపు దగ్గరికి వేసి అందరం బయటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాం. చెన్నప్ప చెంబెడు నీళ్లు గటగట తాగాడు. లోపల సుంకప్ప, లింగన్న ఇద్దరూ పక్కపక్కన కూర్చొని తింటున్నారు.